కారెక్కకుండా, కుండల కోసం

"నీకు బస్సుల సంగతి తెలుసు కదా, నాకు రెండు రోజులకు ఒక ప్లాన్ చెయ్యి" అంది మా తోడికోడలు ఫోన్‌లో. బాగున్నావా అనలేదు, పిల్లలు ఏం చేస్తున్నారనలేదు. అంతకు ముందు మేమిద్దరం ఫోన్‌లో మాట్లాడుకొని ఎంతకాలమైందో నాకు గుర్తు కూడా లేదు.

"ఏం ప్లాన్ అక్కా?" అన్నాను.

"కుండలు చూడాలి. నచ్చితే కొనుక్కోవాలి. రెండు రోజులు ఇంట్లో ఉండకూడదు. కారు మాత్రం వద్దు."

ఆమె మా ఆయన అన్న భార్య. మిర్యాలగూడలో ఉంటారు. మా బావకు అక్కడ రైసుమిల్లులో వాటా ఉంది, ఊళ్ళో పలుకుబడి ఉంది, ఆ రెంటికీ తగిన తెల్లటి పెద్ద కారుంది. మేం సూర్యాపేటలో ఉంటాం. నేను మునగాల దాటినంక ఒక ప్రభుత్వ బడిలో టీచర్ని. రోజూ కోదాడ బస్సెక్కి పోతాను, బస్సెక్కి వస్తాను. మా అత్తగారింట్లో బస్సెక్కే కోడల్ని నేనొక్కదాన్నే. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు చుట్టాలందరి ముందూ ఆమె ఒక మాటంది: "ఉద్యోగం చేసే కోడలంటే ఇంటికి వచ్చిపోయే చుట్టమే, ఆమెకు వంటిల్లు చూపించడం ఎందుకు?" నేనూ ఊరుకునే మనిషిని కాదు. ఆమె ఒకటంటే నేను రెండన్నాను. అట్లా మొదలైంది మా మధ్య, ఎన్ని పండుగలు పోయినా తగ్గలేదు.

ఆమెకు కుండల పిచ్చి అని మా వాళ్ళలో అందరికీ తెలుసు. పిచ్చి అనే మాట వాళ్ళదే. ఆమె పుట్టిల్లు కోదాడ దగ్గర. అక్కడి నుంచి వచ్చేటప్పుడే చేపల పులుసు చట్టి వెంట తెచ్చుకుందట. పెరుగు తోడుపెట్టే గురుగులు, పప్పు వండే కుండ, గారెలు వేయించే మూకుడు, బియ్యం పోసే బాన, నీళ్ళ కూజాలు, అన్నీ మట్టివే. షోకేసులో పెట్టుకొని మురిసే రకం కాదు. రోజూ పొయ్యి మీద పెట్టి, మసి పట్టించి, పీచుతో తోమి, ఎండకు బోర్లించేది. కొత్త కుండను చేతిలోకి తీసుకుంటే ముందు వాసన చూసేది, తర్వాత వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేది. సంతలో ఎద్దు పళ్ళు చూసే రైతు ముఖం ఉండేది అప్పుడు ఆమెకు.

కారు గొడవ గురించి మాకు తెలిసిందల్లా బావ చెప్పిందే. ఆమె కుండలు కారులో పెట్టి సీట్లకు మట్టి అంటించిందనీ, తాను ఒక మాటన్నాననీ, అప్పటి నుంచి కారెక్కనని పంతం పట్టిందనీ. కోదాడలో ఒక పెళ్ళికి బావ కారులో ఒక్కడే వచ్చాడు, ఆమె వెనక హుజూర్‌నగర్ బస్సులో వచ్చి చెమటలు తుడుచుకుంటూ దిగింది. పెళ్ళికి వచ్చిన వాళ్ళంతా భోజనాల దగ్గర ఆ ముచ్చటే చెప్పుకున్నారు. నేనూ నవ్వాను.

ఆమె ఫోన్ పెట్టేసిన మర్నాడే బావ ఫోన్ చేశాడు.

"ఏమమ్మా, మీ అక్కకు టూర్ ప్లాన్ జేస్తున్నవట?"

"అడిగింది బావా, చేస్తున్న."

"యాడికి?"

"ఇంకా అనుకోలె."

"జర ఇను. ఇంట్ల కారుండంగ మా ఇంటి ఆడిమనిషి బస్టాండ్లల్ల నిలబడితే నా ఇజ్జత్ ఏంగావాలె? నీకంటే నౌకరి, తప్పదు. ఆమెకేం గతి? నువ్వే నేర్పుతున్నవ్ ఇవన్నీ."

నాకు అక్క మీద ఎంత కోపమున్నా, "నీకంటే నౌకరి, తప్పదు" అన్న మాట దగ్గర ఒళ్ళు మండింది. "బస్సులల్ల తిరిగేటోళ్ళు మనుషులు గాదా బావా?" అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశాడు. ఆ ప్లాన్ అప్పటిదాకా నాకొక బరువు. ఆ క్షణం నుంచి పట్టుదల అయింది. ఆమె మీద ప్రేమతో కాదు, ఆయన మీద కసితో.

నేను ముందు హైదరాబాద్ అనుకున్నాను. మిర్యాలగూడలో రైలెక్కితే సికింద్రాబాద్, అక్కడి నుంచి మెట్రో, మ్యూజియంలో తవ్వకాల్లో దొరికిన పాత కుండలు ఉంటాయి, మట్టి చక్రం మీద చేయి పెట్టనిచ్చే స్టూడియోలు కూడా ఉన్నాయట. అంతా ఫోన్‌లో చూసి ఆమెకు చెప్పాను.

"అద్దం వెనక పెట్టిన కుండను చూసి ఏం చేసుకోను? కొట్టి చూడనిస్తారా?" అంది.

"స్టూడియోల నువ్వే చేయొచ్చక్కా."

"నేను చేస్తే ఎవరు వండుతారు అందులో? చేతకాని పని చేసి ఫోటో దిగడానికి నేనేమన్నా కాలేజీ పిల్లనా? మీ పేటలో కుమ్మరోళ్ళు లేరా?"

"ఉన్నరు."

"మరి హైదరాబాద్ ఎందుకు?"

అట్లా తేలింది. మొదటి రోజు సూర్యాపేట, రెండో రోజు కోదాడ, అక్కడి నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ. రెండో శనివారం, ఆదివారం. అంతా బస్సు, ఆటో, నడక. కోదాడ దాకా నేనూ వెంట. మా ఆయనకు చెబితే ఆయన తింటున్న ముద్ద ఆపి, "పేటకు టూరా? పేటకు టూరు ఎవరన్న పోతరా?" అన్నాడు. తర్వాత అసలు విషయం తట్టింది ఆయనకు. "మీ ఇద్దరు కలిసా? ఒక్క బస్సులనా?"

రాత్రి ఎక్కడుండాలనే దగ్గర ఇంకో గొడవ.

"లాడ్జి చూడు" అంది ఆమె.

"మా ఇల్లుండంగ లాడ్జి ఏంది అక్కా?"

"మీ ఇంట్లో ఉంటే అది చుట్టపు చూపు అవుతుంది. నేను చుట్టపు చూపుకు రావడం లేదు."

సరే, నీ ఖర్మ అనుకున్నాను.

శనివారం పొద్దున కొత్త బస్టాండ్‌లో నిలబడ్డాను. ఎండలు ముదిరాయి, తొమ్మిదింటికే ప్లాట్‌ఫారం కాలుతోంది. మిర్యాలగూడ బస్సు వచ్చి ఆగీ ఆగకముందే తలుపు దగ్గర పోట్లాట. ఎక్కేవాళ్ళు దిగేవాళ్ళను దిగనివ్వడం లేదు. ఆ గుంపులోంచి అక్క మోచేతులతో దారి చేసుకుంటూ వచ్చింది. చంకలో ఖాళీ బియ్యం సంచి, అందులో నాలుగు పాత చీరలు, కుండలు చుట్టడానికి. వెనక నుంచి ఎవరో పెద్దమనిషి, "ఆడోళ్ళకు ఫ్రీ బస్సు పెట్టినంక మగోళ్ళకు కూసునే జాగ లేకుంటయింది" అని గొణిగాడు. ఆమె మెట్టు మీదే ఆగి వెనక్కి తిరిగింది.

"ఎన్నేళ్ళు కూర్చున్నావయ్యా? కొన్నాళ్ళు నిలబడు" అంది. దిగింది. నన్ను చూసి, "ఇంత గుంపని చెప్పలేదేం?" అంది.

"శనివారం గద, ఉంటది."

"చెప్పాలి కదా."

కుమ్మరోళ్ళ ఇళ్ళు పాత ఊరు వైపు. ఆటో అక్కడిదాకా పోదన్నాడు, సందు ఇరుకని. దిగి నడిచాం. ఆమె ముందు, నేను వెనక. దారి తెలిసింది నాకు, ముందు నడిచేది ఆమె. ప్రతి మలుపు దగ్గరా ఆగి వెనక్కి చూసేది, నేను చేయి చూపించేదాన్ని, మళ్ళీ నడిచేది.

రేకుల షెడ్డు కింద ఒకామె కూర్చొని ఉంది, మా ఈడుదే. చుట్టూ ఎండాకాలానికి చేసిన నీళ్ళ కుండలు, రంజన్లు, కుళాయి బిగించిన కూజాలు. పక్కన కరెంటు మోటారు బిగించిన కుమ్మరి సారె, దాని మీద తడి గుడ్డ. మమ్మల్ని చూసినా లేవలేదు.

"వీడియో తీయనీకి వచ్చిన్రా? గట్లయితే ముందే చెప్పున్రి. మొన్న ఎవరో పేంటు షర్టులేసుకొని వచ్చి, సారె మీద చెయ్యి పెడతమని మట్టంత ఆగం జేసిన్రు. ఒక్క మూకుడు గూడ కొనలె."

"మాకు వీడియోలొద్దు. పులుసు చట్టి చూపించు" అంది అక్క.

ఆమె ఒకటి ముందుకు తోసింది. అక్క తీసుకొని వాసన చూసింది, కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంది, కింద పెట్టేసింది. ఇంకోటి తీసుకుంది, అదీ పెట్టేసింది. మూడోదాని అంచు మీద నాలుక ఆనించి చూసింది. కుమ్మరామె చప్పున లేచింది.

"ఓయమ్మో, ఏందిది! ఎంగిలి జేసినంక కొనాల్సిందే."

"కొనను. ఇది సరిగ్గా కాలలేదు. నాలుకకు అతుక్కుంటోంది చూడు."

"కాలలేదా? మా బట్టీల కాలంది బయటికి రాదు."

"వచ్చింది కదా. నా చేతిలోనే ఉంది."

"నువ్వేమన్న కుమ్మరిదానివా?"

"కాదు. వండేదాన్ని. ఇందులో పులుసు పోస్తే సగం చట్టే తాగుతుంది."

"మీ దొర్సానుల ఇండ్లల్ల స్టీలు గిన్నెలు లేవా? గీడికొచ్చి మా పానం తీస్తున్నరు?"

"ఉన్నాయి" అంది అక్క. "ఇప్పుడు అవే ఉన్నాయి."

ఆ మాట వేరే గొంతుతో వచ్చింది. కుమ్మరామె ఆమె ముఖం వైపు చూసింది. కానీ వెంటనే మళ్ళీ మొదలుపెట్టారు. మట్టి ఏ చెరువుదని ఒకరు, చెరువు మట్టి తోడనిస్తలేరు తెలుసా అని ఒకరు, ఇసుక ఎక్కువ కలిపారని ఒకరు, కలపకపోతే పొయ్యి మీద పగులుతది అని ఒకరు. నేను ఎండలో నిలబడి ఉన్నాను. కూర్చోమని నన్నెవరూ అనలేదు. ఇద్దరూ ఒకరి ముఖంలోకి ఒకరు వేలు పెట్టి మాట్లాడుతున్నారు, ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి, ఇద్దరిలో ఒక్కరికీ ఆపాలని లేదు. మా ఇంటి పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఆమె ఇంతసేపు ఎవరితోనైనా మాట్లాడగా నేనెప్పుడూ చూడలేదు.

చివరికి కుమ్మరామె విసుక్కుంటూ లోపలికి పోయి, నల్లగా కాలిన రెండు చట్లు తెచ్చి అక్క ముందు పెట్టింది. "గివి మొన్నటి బట్టీలయి. పొగ పట్టినయని పక్కకు పెట్టిన. తీసుకుంటే తీసుకో, లేకపోతే నడువు."

అక్క రెంటినీ కొట్టి చూసింది. గంటలాగా మోగాయి. ఏమీ అనకుండా సంచిలోంచి చీర తీసి చుట్టడం మొదలుపెట్టింది.

"బాగున్నయని నోట్లెకెళ్ళి రాదు చూడు" అంది కుమ్మరామె నాతో.

"నాతోని చెప్తున్నవా?" అన్నాను. ఆ రోజంతటిలో నాకు కొంచెం నవ్వొచ్చింది అప్పుడే.

మధ్యాహ్నం ఒక మెస్సులో తిన్నాం. పప్పులో ఉప్పు లేదని ఆమె, సాంబారు చల్లారిందని నేను, ఇద్దరం వడ్డించే ఆయన మీద పడ్డాం. సాయంత్రం లాడ్జికి పోయాం. కౌంటర్‌లో ఉన్నతను ఆధార్ కార్డులు అడిగి, చూసి, వెనక్కి తోశాడు.

"లోకలోళ్ళకు ఇయ్యమమ్మా."

"నాది మిర్యాలగూడ" అంది అక్క.

"అది గూడ లోకలే. ఆడోళ్ళు ఇద్దరే ఉన్నరు, మగ దిక్కు లేదు. రేపు ఎవరన్న వచ్చి అడిగితే మేం పరేషాన్ గావాలె."

"మగదిక్కు ఉంటే లాడ్జికి ఎందుకొస్తాను?" అంది అక్క. అతనికి అర్థం కాలేదు. నాకూ అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. ఇంకో లాడ్జిలోనూ అదే మాట. బజారులో లైట్లు పడ్డాయి. సంచి ఆమె చంక మార్చి చంక మారుస్తోంది, నాకు ఇవ్వడం లేదు.

"ఇగ మా ఇంటికే" అన్నాను.

ఆమె పోలీస్ స్టేషన్‌కు పోయినట్టు వచ్చింది మా ఇంటికి. మా ఆయన, "దా వదినా, కాళ్ళు కడుక్కో" అని కుర్చీ వేశాడు. ఆమె కుర్చీలో కూర్చోకుండా సరాసరి బాత్‌రూంలోకి పోయి, నా బట్టల టబ్బు ఖాళీ చేసి, నీళ్ళు నింపి, చట్లు అందులో ముంచింది. కొత్త చట్టిని నానబెట్టి, గంజి కాచి పోస్తేనే వంటకు పనికొస్తుంది. అది నాకు తెలుసు. నా తడి బట్టలు నేల మీద పడి ఉన్నాయి.

"గంజి కావాలి" అంది వంటింటి గుమ్మంలో నిలబడి.

"గంజి లేదక్కా. కుక్కర్ల వండుతం."

"కుక్కర్‌లోనా. అందుకే."

"అందుకే ఏంది?"

"ఏం లేదు."

"లేదక్కా, చెప్పు. అందుకే అంటే ఏంది?"

మా ఆయన టీవీ సౌండు పెంచాడు. మేమిద్దరం వంటింట్లో, నేను గరిటె పట్టుకొని, ఆమె కొంగు దోపుకొని, ఏళ్ళ తరబడి దాచుకున్నవన్నీ ఒకరి మీద ఒకరం పోసుకున్నాం. వంటిల్లు చూపించడం ఎందుకన్న మాట నేను తీశాను. అన్నానని ఒప్పుకుంది. "అన్నాను. నీకు జీతం వస్తుంది, నాకు రాదు. నాకు ఆ వంటిల్లొక్కటే ఉంది, అది నీకెందుకు చూపించాలి?" అంది. అది నిజమేననిపించి నాకు కోపం ఇంకా పెరిగింది. చివరికి ఆమే స్టవ్ ముట్టించి, ఎసరు పెట్టి, అన్నం వార్చి, గంజి తీసుకుపోయింది. ఆ అన్నమే మేమంతా తిన్నాం.

పొద్దున కోదాడ బస్సెక్కాం. ఆదివారం కాబట్టి సీట్లు దొరికాయి. రెండు చట్లూ ఆమె ఒళ్ళో ఉన్నాయి. మునగాల దాటుతుండగా మా బడి కనిపించింది. చూపిద్దామనుకున్నాను, ఆమె అటు చూడలేదు, మానేశాను. ఊరికే కూర్చోలేక అడిగాను.

"సీట్లకు మట్టైందని ఒక్క మాటంటే ఇంత కోపమా అక్కా కారు మీద?"

ఆమె నా వైపు తిరిగింది. "సీట్లకు మట్టా? ఆయన అట్లా చెప్పాడా మీకు?"

"గట్లనే చెప్పిండు."

అప్పుడు చెప్పింది. గొంతు పెంచకుండా, ఎదుటి సీటు కడ్డీని చూస్తూ.

కొత్త వంటిల్లు చేయించాలని బావ ఎప్పటి నుంచో అంటున్నాడట. నల్ల గ్రానైటు, చుట్టూ అరలు, పొగ పీల్చే మిషను. ఆమె సరేనంది, నా కుండలకు ఒక అర చాలంది. ఒక పొద్దున ఆయనే, "పా, మీ తమ్మునింటికి తీస్కపోత, చూసి శానా రోజులైంది గద" అన్నాడు. తనంతట తాను ఆ మాట అనడం పెళ్ళయినప్పటి నుంచీ లేదు. ఆమె సంతోషపడి మంచి చీర కట్టుకుంది. దారిలో హుజూర్‌నగర్‌లో కారు ఆపి చెరుకురసం తాగించాడు. ఏసీ ఎక్కువైందా అని అడిగాడు. తమ్ముడింట్లో సాయంత్రం దాకా కూర్చున్నాడు, ఎన్నడూ కూర్చోనివాడు. మధ్యమధ్యలో ఫోన్ వస్తే బయటికి పోయి మాట్లాడి వచ్చాడు.

ఇంటికి వచ్చేసరికి వంటిల్లు నాలుగు గోడలుగా ఉంది. పనివాళ్ళు పాత గట్టు, పాత టైల్సు పగలగొట్టి ట్రాక్టర్‌లో ఎత్తి పంపారు. వాటితోపాటే కుండలన్నీ. పులుసు చట్టి, మూకుళ్ళు, బాన, గురుగులు.

"పెళ్ళైనప్పటి నుంచి నూనె తాగిన చట్టి అది" అంది. "నూనె చుక్క లేకుండా చేప వేయించినా అంటుకునేది కాదు. పొరపాటున పోయాయన్నాడు. నేను పనివాళ్ళను అడిగాను. సారే అన్నీ తియ్యమన్నడు, అమ్మ వచ్చేసరికి ఖాళీ గావాలన్నడు అని చెప్పారు. నన్ను ఆ కారులో కూర్చోబెట్టుకొని, చెరుకురసం తాగిస్తూ, ఆ పని చేయించాడు. ఆ సీటులో ఇంకెట్లా కూర్చోను?"

నేను ఏదో అనబోయాను. కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చినట్టున్నాయి.

"నువ్వు జాలి పడకు" అంది వెంటనే. "నీ జాలి నాకొద్దు. ఆ పెళ్ళిలో నవ్వినవాళ్ళల్లో నువ్వూ ఉన్నావు."

నాకు ఆమె మీద కోపం పోలేదు. కానీ బావ నాకు ఫోన్ చేసి ఇజ్జత్ గురించి మాట్లాడిన మాటలు ఒక్కొక్కటీ గుర్తొచ్చి పళ్ళు పటపటలాడాయి.

కోదాడలో ఖమ్మం రోడ్డు పక్కన కుండలు అమ్ముతున్నారు. ఆంధ్రా వైపు నుంచి వచ్చిన సరుకు, ఎర్ర రంగు పూసి నిగనిగలాడుతోంది. అక్క గోటితో గీకి చూపించింది, రంగు కింద సన్నటి పగులు. "రంగు వేసి దాస్తారు" అని అమ్మేవాడి ముఖం మీదే అంది. అతను, "పొద్దున్నే బేరం చెడగొడుతున్నారేంటండీ, వద్దంటే వెళ్ళండి" అన్నాడు. ఆ వరసలోనే చివర రంగు వేయనివి కొన్ని ఉంటే పెరుగు గురుగు ఒకటి, నీళ్ళ కుండ ఒకటి తీసుకుంది. నాలుగయ్యాయి. బస్టాండ్‌కు నడిచాం. ఈసారి నీళ్ళ కుండ నా చేతికి ఇచ్చింది. నమ్మి కాదు, తనకు చేతులు చాలక.

బస్టాండ్ గేటు పక్కన తెల్ల కారు ఆగి ఉంది. బావ దానికి ఆనుకొని నిలబడ్డాడు. మా ఆయన నోరు జారాడని అప్పుడే అర్థమైంది నాకు. ఆయన సంగతి ఇంటికి పోయాక చెబుదామనుకున్నాను.

బావ కారు వెనక డోరు ఎత్తి చూపించాడు. లోపల మందపాటి రగ్గు పరిచి ఉంది.

"రగ్గు పరిచిన. కుండలు ఇందుల పెట్టు. ఎక్కు, పోదాం" అన్నాడు. గొంతు మెత్తగానే ఉంది. చుట్టూ జనం ఉన్నారు మరి.

అక్క రగ్గును చూసింది. "ఎక్కడ పోయించావు?" అంది.

"ఏంది?"

"నా కుండలు. ఎక్కడ పోయించావు?"

"ఇప్పుడు గా ముచ్చట ఎందుకు? గది ట్రాక్టరోనికి తెలుసు."

"నీకు తెలియదు. నువ్వు అడగలేదు కూడా. నాకు తెలుసు. బైపాస్ పక్కన గుంతలో. దారి అడుగుతూ పోయి చూశాను. అప్పటికే పైన ఇంకో నాలుగిళ్ళ చెత్త పోశారు."

బావ అటూ ఇటూ చూశాడు. ఒక చెప్పుల దుకాణం వాడు పని ఆపి వింటున్నాడు. "తప్పయింది గద. కొత్తయి కొనిస్త, నీకెన్ని గావాల్నో గన్ని కొనుక్కో. రోడ్డు మీద గీ లొల్లి ఏంది? కారెక్కు."

"కొత్తవి నేను కొనుక్కున్నాను" అంది. హుజూర్‌నగర్ మీదుగా పోయే మిర్యాలగూడ బస్సు అప్పుడే లోపలికి వస్తోంది. ఆమె దాని వైపు నడిచింది.

కండక్టర్ కుండలు చూసి, "గివన్నీ ఎక్కనియ్యనమ్మా, పగులుతే ఎవరి మీద పడతవ్?" అన్నాడు. "నా ఒళ్ళో పెట్టుకుంటాను, నీ ఒళ్ళో కాదు" అని మెట్లెక్కేసింది. కిటికీ పక్క సీటు పట్టుకొని, చేయి బయటికి చాపింది. నేను నీళ్ళ కుండ అందించాను.

"మూతి పట్టుకోకు, అడుగున పట్టు. ఇంత వయసొచ్చింది, కుండ పట్టుకోవడం రాదు" అంది. నేను అడుగున పట్టి అందించాను. బస్సు కదిలింది. పోయొస్తానని అనలేదు.

బావ నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. "సంతోషమైందా నీకు? నా కాపురం బజార్ల పెట్టించినవ్."

"నేను పెట్టించిన్నా బావా? ట్రాక్టర్ల ఎత్తి పంపింది మీరు" అన్నాను. ఆయనకు ఎదురుగా నిలబడి అట్లా మాట్లాడటం అదే మొదటిసారి. "సీట్లకు మట్టైందని చెప్పిన్రు మా అందరికి."

ఆయన వెనక డోరు ధడాలున వేసి, కారెక్కి, బస్సు పోయిన రోడ్డునే పోయాడు. దారంతా ఆ బస్సు వెనకే పోయాడని తర్వాత తెలిసింది. బస్సు ఆగిన ప్రతి ఊళ్ళో కారు ఆగిందట. ఆమె ఒక్కసారి కూడా దిగలేదు.

ఇంటికి వచ్చి మా ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఆమె మళ్ళీ కారెక్కలేదు. కింద గ్రానైటు వంటిల్లు మెరుస్తూ ఉంది, అందులో వంటమనిషి బావకు వండిపెడుతుంది. అక్క మేడ మీద రేకుల కింద ఒక కట్టెల పొయ్యి, ఒక గ్యాస్ పొయ్యి పెట్టించుకొని తన వంట తాను వండుకుంటుంది. నన్ను అడగకుండానే బస్సులో పేటకు వచ్చి, ఆ కుమ్మరామెతో పోట్లాడి, కుండలు తీసుకొని పోతూ ఉంటుంది. మా ఇంటికి రాదు. వచ్చి పోయిందని ఎవరో చెబితే నాకు తెలుస్తుంది. రమ్మని నేనూ పిలవలేదు.

వానలు పడ్డాక బావకు ఒంట్లో బాగాలేదంటే చూడటానికి మిర్యాలగూడ పోయాం. మా ఆయన కింద అన్న దగ్గర కూర్చున్నాడు. బావ నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. నేను మేడెక్కాను. ఆమె చేపల పులుసు దించుతోంది, పేటలో కొన్న నల్లచట్టిలో. చట్టి అంచు అప్పుడప్పుడే నూనె తాగి మెరుస్తోంది. నన్ను చూసి, "తింటావా?" అని కూడా అనకుండా ఒక కంచం నా ముందు పెట్టింది.

తిన్నాను. అట్లాంటి పులుసు నేను నా జన్మలో తినలేదు. ఆ మాట చెప్పడానికి నా నోరు రాలేదు. ఎట్లా ఉందని ఆమె కూడా అడగలేదు, పొయ్యిలో కట్టె ఎగదోస్తూ కూర్చుంది. కంచం ఖాళీ అయ్యాక కొంచెం ముందుకు జరిపాను. ఆమె చట్టిలో గరిటె తిప్పి తిప్పి, మంచి ముక్కలన్నీ పక్కకు నెట్టి, ఒక తోక ముక్క వెతికి నా కంచంలో వేసింది.